ఎవరూ ఇవ్వలేని ధర

మా చిన్న మావయ్య పేర్లు అమ్ముతాడు. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు, తరవాత అర్థం కానట్టు చూస్తారు. వెబ్‌సైటుకి ఒక చిరునామా ఉంటుంది కదా, చివర డాట్ కామ్ అని వస్తుందే, ఆ పేర్లు. వ్యాపారంలో వాటిని డొమైన్లంటారు. ఎప్పుడో ఎవరికో పనికొస్తాయనిపించిన మాటల్ని మావయ్య ముందే కొని దగ్గర పెట్టుకుంటాడు. అలాంటివి అమ్మిపెట్టే సైట్లున్నాయి. ఆయన వాటిని సంత అంటాడు. సంతలో పేరుని కట్టేసి, మెడలో ధర చీటీ వేలాడదీసి, కొనేవాడి కోసం ఏళ్ళ తరబడి కూర్చుంటాడు. అందాకా ఒక్కో పేరుకీ ఏటా కొంత రుసుము కట్టాలి. దాన్ని మేత అంటాడు.

"మేత దండగే గానీ పాలిచ్చిందొక్కటీ కనపడదు," అనేవాడు మావయ్య వాళ్ళ వీధిమెట్ల పక్కన కూర్చుని తాళాలు బాగుచేసే ఆయన. మావయ్యకి చిన్ననాటి స్నేహితుడు. "నేనమ్మే తాళంచెవితో తలుపు తెరుచుకుంటుంది. నువ్వమ్మేదాంతో ఏం తెరుచుకుంటుందిరా?"

"దుకాణం తెరుచుకుంటుంది."

"ఎవరిది?"

"కొన్నవాడిది."

"అదీ! నీది కాదుగా."

మావయ్య వయసులో ఉండగా తలుపుల మీద పెట్టే పేరు పలకలు చెక్కే దుకాణంలో పనిచేశాడు. అక్కడ అక్షరానికింత అని లెక్క. పొడుగు పేరువాళ్ళు వస్తే యజమాని కుర్చీ వేయించేవాడట, పొట్టి పేరువాళ్ళు నిలబడే మాట్లాడి వెళ్ళేవారట. ఈ వ్యాపారంలోకి వచ్చాక అంతా తలకిందులయింది. ఇక్కడ అక్షరాలు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. "నా చేతివేళ్ళు ఇంకా పాత లెక్కలోనే ఉన్నాయి, పొడుగు పేరు కనపడితే సంతోషిస్తాయి," అని నవ్వేవాడు.

నేను పై చదువు కోసం రెండేళ్ళు వాళ్ళింట్లో ఉన్నాను. వీధి మలుపులో ఇరుకైన మేడ. పైగదిలో మావయ్య బల్ల. కింద అత్తయ్య గొడుగుల దుకాణం. రెంటికీ మధ్య చెక్కమెట్లు, మెట్లు కలిసేచోట పైగది నేలలో ఒక చదరం ఖాళీ. పైన కుర్చీ కిర్రుమన్నా కిందికి వినిపించేది, కింద కత్తెర కింద పడినా పైకి వినిపించేది. వాళ్ళ కాపురమంతా ఆ చదరంలోంచే నడిచిందంటే అతిశయోక్తి కాదు. "ఏమండీ, టీ పెట్టనా?" "ఏమే, ఎవరొచ్చారు?" రోజంతా ఇదే.

అత్తయ్య కొత్త గొడుగులు అమ్మదు. విరిగిన ఊచలు మారుస్తుంది, చిరిగిన గుడ్డ విప్పి కొత్త గుడ్డ కుడుతుంది, ఊడిన పిడి బిగిస్తుంది. దారానికి మైనం రాసి కుడుతుంది, కుట్టులోంచి నీళ్ళు దిగకుండా. కొత్తది కొనుక్కుంటే పోయేదానికి ఇదంతా ఎందుకనుకునేవాళ్ళు ఆవిడ దగ్గరికి రారు. తండ్రి వాడిన గొడుగనీ, మొదటి జీతంతో కొన్నదనీ, ఎవరో బస్సులో మరిచిపోతే దాచి ఉంచిందనీ చెప్పేవాళ్ళే వస్తారు. సగానికి పైగా దూరం ఊళ్ళ నుంచి పార్సెల్లో వస్తాయి. అవన్నీ వెబ్‌సైటు చూసి, ఆ పేరు మీదున్న ఈమెయిలుకి ముందు ఉత్తరం రాసి పంపేవే. ఆ సైటు పేరు తడవకు డాట్ కామ్.

ఆ మాట మావయ్యదే. పెళ్ళయిన కొత్తలో అత్తయ్య గొడుగుల కంపెనీలో కుట్టుపనికి వెళ్ళేది. రోజంతా గొడుగులు కుట్టే మనిషి, తన గొడుగు మరిచిపోయి బయల్దేరేది. మావయ్య కిటికీలోంచి వీధంతా వినేలా అరిచేవాడట, "ఏయ్, తడవకు!" అని. వానాకాలమంతా అదే కేక. వీధిలో వాళ్ళు ఆవిడకి తడవకమ్మ అని పేరు పెట్టేశారు. తాళాలాయన ఇప్పటికీ అలాగే పిలుస్తాడు. కంపెనీ మూతపడి, ఆవిడ సొంతంగా దుకాణం పెట్టుకున్నప్పుడు మావయ్య ఈ పేరు కొని ఇచ్చాడు. అమ్మడానికి కాకుండా ఆయన కొన్న పేరు అదొక్కటే. సైటు కూడా తనే తయారు చేశాడు. పేరు మాత్రం తన ఖాతాలోనే, మిగతా వందల పేర్ల మధ్యే ఉండిపోయింది. మేత వేసేది తనే కదా, ఎక్కడుంటే ఏం?

పొద్దున ఫలహారం దగ్గర మావయ్య నాకు వ్యాపారం చెప్పేవాడు. నేను మాట్లాడేది తక్కువ కాబట్టి చెప్పడానికి అనువుగా ఉండేదాన్ని.

"చూడమ్మాయ్, ధర చెప్పేటప్పుడు మనకి కాస్త సిగ్గేయాలి. సిగ్గేయలేదంటే తక్కువ చెప్పామన్నమాట."

"మరీ ఎక్కువ సిగ్గేస్తే?"

"అప్పుడు వాయిదాల మీద తీసుకోమనాలి. సిగ్గు నెలకింతని పంచుకుంటాం." అత్తయ్య వంటింట్లోంచి నవ్వేది. "ఇంకోటి. రెండు ముక్కల్లో అడిగేవాడి దగ్గర డబ్బుంటుంది. కథంతా చెప్పేవాడి దగ్గర కథే ఉంటుంది."

నేనున్న మొదటి సంవత్సరమే ఒక సంగీతం మాస్టారు, పిల్లలకి పాటలు నేర్పే సైటు కోసం మావయ్య దగ్గరున్న ఒక పేరు అడుగుతూ ఉత్తరం రాశాడు. పేజీ నిండా రాశాడు. ఆ పేరంటే తనకెందుకు ఇష్టమో, ఏ పాటలో ఆ మాట వస్తుందో అన్నీ. మావయ్య చదివి, "కథ బాగుంది," అన్నాడు. ఆ రోజు జవాబు ఇవ్వలేదు. మర్నాడూ ఇవ్వలేదు. అడిగినవాణ్ణి కాస్త ఆరనివ్వాలనేది మరో సూత్రం. తరవాత ధర మాత్రం పంపాడు. మాస్టారు మళ్ళీ రాయలేదు.

"కొంచెం తగ్గించకపోయారా? పాపం, పిల్లల కోసం," అంది అత్తయ్య.

"ఒకరికి తగ్గిస్తే సంతంతా తెలిసిపోతుందే."

"మీ సంతలో మనుషుల మొహాలు మనుషులకే కనపడవంటారు. తగ్గించిన సంగతి మాత్రం కనపడుతుందేం?"

మావయ్య టీ తాగేసి పైకి వెళ్ళిపోయాడు.

తడవకు అనే పేరు కోసం కూడా అడిగేవాళ్ళు ఉండేవారట. పొట్టి మాట, నోట్లో ఇట్టే ఒదుగుతుంది. నేను రాకముందు చాలా ఏళ్ళ కిందట ఒక దళారీ వెంటపడ్డాడట. మావయ్య అమ్మనన్నాడు. పది రోజులాగి మళ్ళీ ఫోను. అమ్మనంటే, "అలాగే అంటారు సార్, మీ మనసులో ఎంతుందో చెప్పండి," అని. చివరికి సైటులో ఉన్న నంబరు చూసి దుకాణానికే చేశాడు. అత్తయ్య చేతిలో సూది. "అబ్బా, ఈయనెవరో వదలటం లేదండీ, ఏదో ఒకటి చెప్పి వదిలించుకోండి," అని చదరంలోంచి పైకి కేకేసింది.

మావయ్య వదిలించుకున్నాడు. అమ్మనన్నవాణ్ణి మళ్ళీ మళ్ళీ అడుగుతారు, ధర చెప్పినవాణ్ణి ఒక్కసారే అడుగుతారు అనేది ఆయన సూత్రాలన్నిటికీ పెద్దన్న. సంతలో ఆ పేరు పక్కన ఎవరూ ఇవ్వలేని ధర ఒకటి పెట్టేశాడు. ఆ రోజుల్లో ఆ డబ్బుతో ఇదే వీధిలో ఒక ఇల్లు కొనుక్కోవచ్చు. ఫోన్లు ఆగిపోయాయి. గోడకట్టినట్టయింది. మావయ్య ఆ గోడ సంగతే మరిచిపోయాడు.

ఏటా వానాకాలం ముందు ఆయన పేర్లన్నిటి ధరలూ సవరించేవాడు. గిరాకీ పెరిగినవాటికి పెంచేవాడు, ఎంతకీ కదలనివాటికి కొంచెం కోసేవాడు, మేత దండగనుకున్నవాటిని వదిలేసేవాడు. ఒక్కో పేరూ పైకి చదివి, పెదవి విరిచి, తల ఊపి, అంకె మార్చేవాడు. తడవకు దగ్గరికి రాగానే దాటి వెళ్ళిపోయేవాడు. అమ్మేవాటి ధర సవరించాలి గానీ అమ్మనిదాని ధర సవరించడమేమిటి? చుట్టూ ఉన్న పేర్లన్నీ పెరుగుతూ వచ్చాయి. వీధిలో ఇళ్ళ ధరలు పెరిగాయి. అన్నీ పెరిగాయి. ఆయన కట్టిన గోడ మాత్రం కట్టినచోటే కట్టినంతే ఉండిపోయింది. చివరికి అది ఒక మోస్తరు కారు ఖరీదయింది. ఒక కంపెనీకి అదేమంత?

నా రెండో ఏడు వానలు మొదలైన వారం అది. దుకాణంలో అడుగు పెట్టడానికి చోటు లేదు. నేను కింద కూర్చుని తెగిన ఊచల్ని పొడుగుని బట్టి వేరు చేస్తున్నాను. పైన మావయ్య ఫోను టింగుమంది. కుర్చీ కిర్రుమంది. ఆయన మెట్లు దిగి సగంలో ఆగి అత్తయ్య వైపు చూశాడు.

"టీ కావాలాండీ?"

"కాదు."

మళ్ళీ పైకి వెళ్ళాడు. కాసేపటికి, "అమ్మాయ్, ఒకసారి రా," అన్నాడు. ఆయన అంత మెల్లగా పిలవడం నేనెప్పుడూ వినలేదు.

తెరమీద సంత పంపిన ఉత్తరం. అభినందనలు, మీ పేరు అమ్ముడుపోయింది అని ఉంది. ఏ పేరో కింద ఉంది.

"నేను సరిగ్గానే చదువుతున్నానా?" అన్నాడు.

"అవును మావయ్యా."

ఒకప్పుడు అమ్మిన పేరు చేతులు మారడానికి రోజులు పట్టేదట. అమ్మేవాడు తన చేత్తో అప్పగించాలి. ఈమధ్య సంతవాళ్ళు ఆ శ్రమ తప్పించారు. డబ్బు కట్టిన మరుక్షణం పేరు తనంతట తానే కొన్నవాడి ఖాతాలోకి వెళ్ళిపోతుంది. ఇష్టమైనవాళ్ళే ఆ ఏర్పాటు పెట్టుకోవచ్చు. మావయ్య ఇష్టపడ్డాడు. అన్ని పేర్లూ ఒక్కసారే ఎంచుకుని ఒక్క నొక్కుడుతో ఒప్పేసుకున్నాడు.

ఆయన సంతవాళ్ళకి ఫోను చేశాడు. అవతల ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"పొరపాటున అమ్ముడుపోయిందమ్మా. అది అమ్మేది కాదు."

"ధర మీరు పెట్టిందే కదండీ?"

"పెట్టాను. ఎవరూ కొనకూడదని పెట్టాను."

"ఎవరూ కొనకూడదనుకుంటే ధర పెట్టరు కదండీ," అంది. వెటకారం కాదు. ఆ అమ్మాయికి నిజంగానే అర్థం కాలేదు.

కొన్నది ఇంటి కప్పుల మీద నీళ్ళు దిగకుండా పూసే రంగు తయారుచేసే కంపెనీ అని తేలింది. మావయ్య వాళ్ళకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. డబ్బంతా వెనక్కిస్తాను, పైన కొంత కలిపి ఇస్తాను అని మొదట రెండు ముక్కలే రాశాడు. తుడిచేశాడు. మళ్ళీ రాశాడు. ఈసారి గొడుగుల కంపెనీ, కిటికీ, కేక, తడవకమ్మ, మైనం దారం అన్నీ వచ్చాయి. పేజీ నిండిపోయింది. నన్ను చదవమన్నాడు. చదివాను. నాకు సంగీతం మాస్టారు గుర్తొచ్చాడు. ఆయనకీ గుర్తొచ్చే ఉంటాడు, నా మొహం వైపు చూడలేదు.

"ఎక్కువైందా?"

"లేదు మావయ్యా. బాగుంది," అన్నాను. అన్నాక ఆ మాట ఎందుకన్నానా అనిపించింది.

జవాబు కోసం ఆయన ఆ రోజు ఆగాడు. అత్తయ్యకి చెప్పలేదు. వెనక్కొస్తే చెప్పాల్సిన పనే ఉండదనుకున్నాడు. మర్నాడు కింద అత్తయ్య తనలో తను అనుకుంటోంది. "ఏమిటో, వానలు ఇంత పడుతుంటే ఒక్కరూ రాయలేదు. అందరివీ బాగానే ఉన్నాయి కాబోలు, పోనీలే." చదరంలోంచి ఆ మాట పైకి వచ్చింది. మావయ్య బల్ల మీద అరచేతులు ఆనించి అలాగే కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి కంపెనీ జవాబిచ్చింది. మర్యాదగా, ఒక్క వాక్యం. మీ ఉత్తరం చదివాం, క్షమించండి, ఈ పేరు అమ్మకానికి లేదు.

మావయ్య దాన్ని చాలాసేపు చూశాడు. "ఇంత చిన్న మాట," అన్నాడు. లేచి కిందికి వెళ్ళాడు.

అత్తయ్య ఒక పాత నల్ల గొడుగు ఒళ్ళో పెట్టుకుని ఊచకి గుడ్డ కుడుతోంది. ఆయన ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని మొత్తం చెప్పాడు. ఆవిడ సూది ఆపలేదు. కుట్టు చివరికి వచ్చి ముడి వేసి, దారం తెంపి, అప్పుడు తలెత్తింది.

"ఎంతకి?"

చెప్పాడు.

"ఎప్పుడు పెట్టారు ఆ ధర?"

"ఆ దళారీ వెంటపడ్డప్పుడు. నువ్వే కదే ఏదో ఒకటి చెప్పి వదిలించుకోమన్నావు."

"చెప్పమన్నాను. చీటీ కట్టి సంతలో నిలబెట్టమన్నానా?"

"ఎవరూ ఇవ్వలేని ధరే అది."

"ఇచ్చారుగా."

బయట వాన పెద్దదయింది. తాళాలాయన తన పెట్టె లాక్కుంటూ లోపలికి వచ్చి, "ఏం తడవకమ్మా, ఇవాళ గిరాకీ..." అంటూ ఇద్దరి మొహాలూ చూసి అక్కడికక్కడే ఆగిపోయాడు. పెట్టె ఎత్తుకుని మళ్ళీ వానలోకే వెళ్ళాడు.

"నాకు కోపం లేదండీ," అంది అత్తయ్య. "ఇన్నాళ్ళూ అది మన ఇంట్లో ఉందనుకున్నాను. అంగట్లో ఉందని నాకు తెలియదు. అంతే."

కోపం తెచ్చుకుంటే ఆయనకి బాగుండేదేమో. డబ్బు నీదే అన్నాడు. "నేను గొడుగు బాగుచేస్తే డబ్బు తీసుకుంటాను. దీనికేం చేశానని?" అంది. ఆ డబ్బు బ్యాంకులో విడిగా ఉండిపోయింది. వంటింటి కప్పు కురుస్తున్నప్పుడు కూడా దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

కొత్త పేరు కావాలి కదా. మావయ్య తన దగ్గరున్న పేర్లలో మేలైనవి ఏరి ఒక్కోటే చదివి వినిపించాడు. చినుకు మీద రెండు, నీడ మీద ఒకటి, ఏళ్ళ తరబడి ఎవరికీ తగ్గించకుండా దాచినవి. "ఏదైనా తీసుకో. నీ ఖాతాలోకే మార్చేస్తాను."

"అవి మీ సరుకు," అంది అత్తయ్య. నా వైపు తిరిగింది. "ఏమే, ఈ పేరు కొనడమెలాగో నాకు చూపించు. నా ఫోన్లోనే చేద్దాం."

ఆవిడ కోరుకున్న పేరు మలుపులోగొడుగులుబాగుచేయబడును డాట్ కామ్. టైపు చేస్తూ నేను రెండుసార్లు తప్పాను. మావయ్య ఉండబట్టలేక అన్నాడు.

"అంత పొడుగు పేరు ఎవరికీ గుర్తుండదే. రేపు అమ్ముదామన్నా పైసా రాదు."

"అందుకే," అంది అత్తయ్య.

తాళాలాయనకి చెబితే, "ఇది పేరా, చిరునామానా, ఉపన్యాసమా?" అన్నాడు. పేరు పలకల దుకాణంలో అయితే యజమాని కుర్చీ వేయించి మజ్జిగ కూడా ఇచ్చేవాడు అన్నాడు. అత్తయ్య నవ్వింది. మావయ్య కూడా నవ్వబోయాడు.

పాతవాళ్ళు పాత చిరునామాకే రాస్తూ వచ్చారు. కంపెనీలో ఎవరో గుమాస్తా, మంచి మనిషి, మావయ్య రాసిన ఉత్తరం చదివే ఉంటాడు, గొడుగుల గురించి వచ్చిన ఉత్తరాల్ని అప్పుడప్పుడు మూటగట్టి ఆయనకి పంపేవాడు. మావయ్య వాటిని ఒక్కోటీ అచ్చు తీసి మెట్లు దిగి తెచ్చి అత్తయ్య పక్కన పెట్టేవాడు. చదరంలోంచి కేకేసి చెప్పేవాడు కాదు. కొన్ని నెలలకి అవి రావడం ఆగిపోయింది. గుమాస్తా మారాడో, రాసేవాళ్ళే అలసిపోయారో. బస్టాపు కప్పు మీద ఆ రంగు ప్రకటన వెలిసింది, ఒకటే మాట, ఎర్రటి అక్షరాల్లో. మావయ్య అక్కడ బస్సెక్కడం మానేసి ముందు స్టాపు దాకా నడిచేవాడు.

మళ్ళీ ధరలు సవరించే కాలం వచ్చింది. ఈసారి ఆయన ఒక్కో పేరూ పైకి చదవలేదు. సంగీతం మాస్టారుకి మాత్రం ఉత్తరం రాసి, ఆ పేరు ఎంతకి కావాలంటే అంతకే తీసుకోమన్నాడు. మాస్టారు ఆ ఆలోచన మానుకున్నానని, గుర్తు పెట్టుకున్నందుకు సంతోషమని, రెండు ముక్కల్లో రాశాడు.

నా చదువు అయిపోయి ప్రయాణం దగ్గరపడ్డ రోజుల్లో ఒక మధ్యాహ్నం అత్తయ్య నన్ను పిలిచింది. "ఫోనేదో మోగింది, చదివిపెట్టవే. చేతులకి మైనం ఉంది."

కొత్త సైటుకి వచ్చిన ఉత్తరం. కింద సంతకం లేదు. "ఈ పేరు కొనదలచాను. ధర చెప్పగలరు." అంతే.

అత్తయ్య పకపకా నవ్వింది. "ఈ చాంతాడంత పేరు ఎవడికి కావాలే?"

నవ్వుతూనే ఒకసారి చదరం వైపు చూసింది. మావయ్య పైనే ఉన్నాడు, కుర్చీ చప్పుడు మాత్రం లేదు. ఆ కుర్చీలో మనిషి కూర్చుని ఊపిరి పీల్చినా కిర్రుమంటుంది. ఆవిడ నవ్వు మెల్లగా తగ్గింది. దారం మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఏం రాయమంటారు అత్తయ్యా?"

"అమ్మనని రాయి."

"అంతేనా?"

"అంతే. ఇంకేం రాస్తాం?"

రాసి పంపాను. పైన టింగుమంది. ఆ తరవాత చాలాసేపటికి గానీ కుర్చీ కదల్లేదు.

అమ్మనన్నవాళ్ళని మళ్ళీ మళ్ళీ అడుగుతారని కదా మావయ్య సూత్రం. ఆయన మళ్ళీ అడగలేదు.